హీటర్ వెయ్యి బావా

మాకు ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర, విశాఖలో పదకొండు. అప్పటికే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా షెడ్డు రేకులు కాలిపోతున్నాయి. ఒక బండి కింద దూరి ఉండగా బావ వీడియో కాల్ చేశాడు. వెనక సింహాచలం ఘాట్ రోడ్డు, బానెట్ ఎత్తిన కారు, కొంగుతో విసురుకుంటున్న అక్క.

"మొన్ననే సర్వీసింగ్ చేయించాను. ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. ఏటిది?"

రేడియేటర్ మూత ముట్టుకోవద్దని ముందు గట్టిగా అరిచాను. ఒత్తిడిలో ఉన్న కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఊరుకుంటుంది. మూత తీశామా, ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది ఆ తొందర చూపించినందుకు నా ఎడమ చేతి మీద ఇప్పటికీ మచ్చ ఉంది.

"ఇంజన్ ఆపేసి, బిల్లు చదువు."

ఇంజనాయిలు, ఆయిల్ ఫిల్టరు, కూలెంటు. సగం సంగతి అక్కడే తెలిసిపోయింది. మా మలయాళీ ఫోర్‌మన్ నేర్పిన మొదటి పాఠం ఇదే: సర్వీసింగ్‌కి ముందు లేని జబ్బు తర్వాత వచ్చిందంటే, చెయ్యి పడిన చోటే వెతుకు. తెలియనివాడు కూలెంట్‌ని తిప్పే వాటర్ పంపు పోయిందని చెప్పి దాని డబ్బులూ లాగుతాడు.

గంట ఆగి, బాగా చల్లారాక చూడమన్నాను. చిన్న ట్యాంకులో కూలెంట్ కింది గీతకన్నా దిగిపోయింది. ఎక్కడా కారిన మరక లేదు. నింపించి, స్టార్ట్ చేసి ఏసీ వేయమన్నాను. రేడియేటర్ ఫ్యాన్ తిరిగింది. అంటే వైరు ఊడలేదు.

"ఇప్పుడు ఏసీ కట్టేసి హీటర్ ఫుల్లుగా వెయ్యి బావా."

"నీకేటైనా పిచ్చా? ఈ ఎండలోనా?"

ఇక్కడ 45 డిగ్రీల్లో హీటర్ వేసినప్పుడు కస్టమర్లు కూడా నన్ను అలాగే చూస్తారు. హీటర్‌లో తిరిగేదీ ఇంజన్ కూలెంటే. ముల్లు పైకెక్కుతున్నా గాలి చల్లగా వస్తోందంటే లోపల కూలెంట్ తిరగడం లేదు, గొట్టాల్లో గాలి అడ్డుపడింది. బావ చెయ్యి పెట్టి చూసి, "చల్లగానే ఉందోయ్" అన్నాడు.

పాత కూలెంట్ తీసేసినప్పుడు గొట్టాల్లో గాలి చేరుతుంది. కొత్తది పోసి, దాన్ని ఓపిగ్గా బయటికి పంపాలి. ఎవరికుంది ఓపిక? ఆ షాపువాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. కంచరపాలెం ఐటీఐ అయ్యాక గాజువాక ఆటోనగర్‌లో పనిచేసినన్నాళ్లూ నేనూ పోసేసి, మూత బిగించి, "అయిపోయిందండీ" అని పంపేసినవాణ్ణే.

దిగుడే కాబట్టి ముల్లు చూసుకుంటూ, ఆగుతూ ఇంటికి చేరారు. మిగతా పని సాయంత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాక. గాలి పైకే పోతుంది కాబట్టి కారు ముక్కు ఎత్తులో ఉండాలి. షార్జా అంతా చదునే, మేం జాకీలు పెట్టి లేపుతాం. విశాఖవాళ్లకి ఆ బాధ లేదు. ఆరిలోవలో అక్కావాళ్ల సందే పెద్ద ఏటవాలు. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, చల్లగా ఉండగానే మూత తీయించాను. హీటర్ వేడి వైపు తిప్పించి, ఇంజన్ తిరుగుతుండగా రేడియేటర్ పై గొట్టాన్ని మెల్లగా నొక్కించాను. బుడగలు! ఎన్ని బుడగలో! ఎంతకీ ఆగకపోతే ఇంజన్ లోపలి సీలు, గ్యాస్కెట్, పోయిందని అనుమానించాలి, అది పెద్ద ఖర్చు. పావుగంటకి తగ్గాయి. హీటర్ గాలి కాలింది. మళ్లీ నింపి మూత పెట్టిన కాసేపటికి ఫ్యాన్ దానంతటదే అందుకున్న చప్పుడు ఫోన్‌లో విన్నాను.

మర్నాడు కొండ మీంచి బావ ఫోన్. ముల్లు సగంలోనే ఉందట, కానీ అక్క కారెక్కనంటోందట. ఆరిలోవ నుంచి సింహాచలం దాకా హీటర్ ఫుల్లుగా ఊదుతూనే ఉంది. "ఆపమని నువ్వు చెప్పలేదుగా" అన్నాడు.