ఎడమ మోకాలి ఆపరేషన్‌కు ముందు అడిగిన ప్రశ్నలు

నా కుడి మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్ జరిగి 16 నెలలైంది, ఎడమ మోకాలికి 12 వారాలు. రెండు సార్లూ కుట్లు చక్కగా మానాయి, ఎక్స్‌రేలో రెండు కీళ్లూ సరిగ్గానే కూర్చున్నాయి. అయినా కుడి మోకాలు నన్ను నెలల తరబడి ఏడిపించింది. ఎడమది అలా చేయలేదు. రెండు సార్లూ రోజూ రాత్రి నోటుపుస్తకంలో మూడు అంకెలు రాసుకున్నాను: నొప్పి పదికి ఎంత, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగింది. ఈ మధ్య ఆ పుస్తకాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను.

మొదటిసారి నేను డాక్టర్ గారిని అడిగింది ఒకటే ప్రశ్న. నొప్పి ఎన్నాళ్లు ఉంటుంది? ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఎముకకు ఎముక రాసుకుంటోందని, ఆరు వారాల్లో లేచి తిరుగుతానని చెప్పారు. ఆయన చెప్పినట్టే ఆరో వారానికి కర్ర లేకుండా నడిచాను. కానీ తిరగడమంటే నొప్పి లేకుండా తిరగడమని అనుకున్నాను. ఆ రోజు పుస్తకంలో నొప్పి 6 అని ఉంది. పక్కనే, "ఇది ఇక తగ్గదేమో" అని రాసుకున్నాను.

అందరూ చిప్ప మార్చారంటారు. నిజానికి మార్చేది తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం. అరిగిన చోట కోసి లోహపు తొడుగులు అమర్చి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ దిమ్మ పెడతారు. చిప్ప లోపలి వైపు కొందరికి మారుస్తారు, కొందరికి అలాగే వదిలేస్తారు. ఇంత పని జరిగాక తొడ ముందరి కండరం మొదటి నెలలో సగం దాకా బలం కోల్పోతుంది. మోకాలు నెలల తరబడి వెచ్చగా, వాచినట్టు ఉంటుంది. గాటు పెట్టినప్పుడు చర్మంలోని చిన్న నరం తెగడం వల్ల మచ్చకు బయటి వైపు మొద్దుబారుతుంది. ఇవేవీ తెలియక మూడో వారంలో ఒక రాత్రి మోకాలు కాలిపోతున్నట్టు అనిపించి, చీము పట్టిందని వణికిపోయాను. పరీక్షించారు, అలాంటిదేమీ లేదు. (జ్వరం వచ్చినా, గాయం నుంచి స్రావం కారినా, పిక్క వాచి నొప్పి పెట్టినా మాత్రం ఆగకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.)

ఎడమ మోకాలికి వేరే చోటికి వెళ్లాను. ఆపరేషన్‌కు ఐదు వారాల ముందు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి కాగితాలు తెచ్చి పక్కన కూర్చుంది. మోకాలు కాక ఇంకెక్కడ నొప్పులున్నాయమ్మా? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? నొప్పి మాత్రలు ఎన్నాళ్లుగా వాడుతున్నారు? తర్వాత 13 వాక్యాలున్న కాగితం ఇచ్చింది. నొప్పి వచ్చినప్పుడు ఇక ఎప్పటికీ తగ్గదనిపిస్తుందా, దాని గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోతున్నారా వంటివి. ఒక్కో దానికి 0 నుంచి 4 వేసుకోవాలి, మొత్తం 52. ఎంత ఎక్కువ వస్తే నొప్పి గురించిన భయం అంత ఎక్కువని లెక్క. నాకు 31 వచ్చింది.

నాకు కోపం వచ్చింది. అరిగింది ఎముక అయితే మనసు గురించి ఎందుకు అడుగుతున్నావని నిలదీశాను. ఆమె నొచ్చుకోకుండా చెప్పింది. ఏళ్ల తరబడి నొప్పి పడితే నరాల వ్యవస్థకే దాని గొంతు పెంచే అలవాటు వస్తుందట. కీలు మార్చినంత మాత్రాన ఆ గొంతు వెంటనే తగ్గదు. మోకాలి మార్పిడి తర్వాత సుమారు ఐదుగురిలో ఒకరికి నొప్పి చాలాకాలం మిగులుతుంది. ఆపరేషన్‌కు ముందే నొప్పి బాగా ఎక్కువున్నవారిలో, ఒళ్లంతా నొప్పులున్నవారిలో, దిగులు, భయం, నిద్రలేమి ఉన్నవారిలో ఆ అవకాశం ఎక్కువ. ఎక్స్‌రేలో అరుగుదల కొద్దిగానే ఉండి నొప్పి మాత్రం విపరీతంగా ఉన్నవారికి కూడా ఫలితం తక్కువగా కనిపిస్తుందట. ఇక మోకాలు తర్వాత ఎంత వంగుతుందన్నది, ముందు ఎంత వంగేదో దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. నా కుడి మోకాలు ఆపరేషన్‌కు ముందు 95 డిగ్రీల దగ్గరే ఆగిపోయేది. ఎడమది 110 వరకు వంగేది.

"ఇవి గుంపు లెక్కలమ్మా, మీ జాతకం కాదు" అంది. "మీకు ఏ సాయం ముందే చేయాలో తెలుసుకోవడానికి అడుగుతున్నాను."

ఆ ఐదు వారాలూ రోజుకు మూడుసార్లు తొడ కండరం బిగించి పట్టే వ్యాయామం చేశాను. నిద్ర కోసం వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. రెండో రోజు నడుముకిచ్చిన మత్తు, నరానికిచ్చిన మందు పూర్తిగా దిగాక నొప్పి ఎక్కడికి ఎక్కుతుందో, మాత్ర దానికి ఎంత ముందు వేసుకోవాలో ముందే అడిగి రాసుకున్నాను. ఎక్కింది, 7 దాకా. కానీ అది వస్తుందని నాకు తెలుసు. ఆ రాత్రి భయం వేయలేదు. నా మటుకు రెండు మోకాళ్లకూ ఉన్న పెద్ద తేడా అదే.

కుడి మోకాలికి ముందు ఈ ప్రశ్నలు నన్ను ఎవరూ అడగలేదన్న బాధ ఇంకా పోలేదు. అరగంట పని అది. మీ అమ్మగారికో నాన్నగారికో ఆపరేషన్ తేదీ ఖాయమైతే, ఎవరైనా అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి: వారికి రాత్రుళ్లు నిద్ర లేదని, నడుము కూడా నొప్పని, ఆపరేషన్ అంటే భయపడుతున్నారని.

కుడి మోకాలి పుస్తకంలో 12వ వారం, ఆదివారం: నొప్పి 5, నిద్ర 4 గంటలు, వంపు 98.

ఎడమ మోకాలి పుస్తకంలో నిన్న రాత్రి: నొప్పి 2, నిద్ర ఆరున్నర గంటలు, వంపు 112. కింద, "మెట్లు దిగేటప్పుడు ఇంకా పట్టుకుని దిగుతున్నాను" అని ఉంది.