గ్రూప్-1 మెయిన్స్: నీటి అధ్యాయాన్ని కొల్లేరు నుంచి మొగ దాకా చదివిన అనుభవం

గ్రూప్-1 మెయిన్స్‌లో పర్యావరణ అంశాలకు తెలుగు మాధ్యమంలో సిద్ధమవుతున్న తోటి అభ్యర్థులకు ముందుగా నా పొరపాటు చెబుతాను. నేను రాసిన మొదటి మాక్ టెస్టులో, యూట్రోఫికేషన్ (నీటిలో పోషకాలు మితిమీరడం) జరిగిన చెరువులో చేపలు ఎందుకు చనిపోతాయన్న ప్రశ్నకు పదికి రెండు మార్కులే వచ్చాయి. శైవలాలు (నీటి పాచి) పెరుగుతాయి, ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు చనిపోతాయి అని మూడు ముక్కలు రాశాను గానీ, పచ్చటి మొక్క ఆక్సిజన్ ఇవ్వాల్సింది పోయి ఎందుకు తగ్గిస్తుందో రాయలేదు. నిజానికి అది నాకే తెలియదు. భూమి మీద ఉన్న నీటిలో మంచినీరు దాదాపు 2.5 శాతమేనని, అందులో సుమారు 69 శాతం మంచుగా, 30 శాతం భూగర్భజలంగా ఉందని, నదులూ సరస్సులూ కలిపినా అర శాతానికి చేరవని మాత్రం అప్పటికే కంఠతా వచ్చు.

ఆ ఆగస్టులో కైకలూరు వైపు మా పెదనాన్నగారి ఊరికి ఒక పెళ్లికి వెళ్లాను. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయన చేపల చెరువుకు బయలుదేరుతుంటే నేనూ వెంట నడిచాను. టార్చిలైటు వెలుగులో నీరు చిక్కటి ఆకుపచ్చగా ఉంది. బొచ్చెలూ శీలావతులూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. "నిన్నంతా మబ్బే కదమ్మా, డీవో పడిపోయింది" అంటూ ఆయన గబగబా ఏరియేటర్లు (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) వేయించారు. డీవో అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. నా జవాబులో లేని మెట్టు ఏమిటో ఆ ఒక్క మాటతో తెలిసింది. పగలు ఎండలో శైవలాలు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్‌ను నీటిలోకి వదులుతాయి. పొద్దుగుంకాక ఆ పని ఆగిపోతుంది గానీ శ్వాసక్రియ ఆగదు కనుక, శైవలాలూ చేపలూ బ్యాక్టీరియా అన్నీ కలిసి పగటి నిల్వను రాత్రంతా తింటూ పోతాయి. అందుకే కరిగిన ఆక్సిజన్ తెల్లవారబోయే ముందు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, ముందు రోజు మబ్బు పట్టిందంటే నిల్వే తక్కువ కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇక ఆ శైవలాలు ఒక్కసారిగా చచ్చి అడుగుకు చేరితే వాటిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలిన కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తాయి. దీనికి వేడి తోడవుతుంది: 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది.

ఇది పట్టుబడ్డాక బీవోడీ అర్థం కావడానికి పావుగంట చాలింది. నీటిలోని సేంద్రియ వ్యర్థాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో అదే బీవోడీ. అది నీటిలో ఉన్న ఆక్సిజన్ కాదు, నీరు తీర్చాల్సిన అప్పు. మన దేశంలో దీన్ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులకు కొలుస్తారు, చాలా విదేశీ పుస్తకాల్లో 20 డిగ్రీలు, ఐదు రోజులు అని ఉంటుంది. రెండూ కలిపి రాసి మార్కులు పోగొట్టుకున్న వారిలో నేనూ ఉన్నాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో, క్రిమిసంహారం మాత్రమే చేసి తాగదగిన 'ఎ' తరగతి నీటికి బీవోడీ లీటరుకు 2 మిల్లీగ్రాములు మించకూడదు, కరిగిన ఆక్సిజన్ 6 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. స్నానానికి పనికివచ్చే 'బి' తరగతికి ఆ హద్దులు 3, 5. ఈ నాలుగు అంకెలూ గుర్తుంటే చాలు, పట్టిక మొత్తం బట్టీ పట్టడం వృథా అని నా అభిప్రాయం.

తిరిగి వచ్చాక నోట్సు పక్కన పెట్టి, ఆ చెరువు నీరు ఎక్కడికి పోతుందో పటం మీద వేలు పెట్టి చూసుకుంటూ చదివాను. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు వచ్చి కలుస్తాయి. సముద్రంలోకి పోయే దారి ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు. వరదను కొన్నాళ్లు పట్టి ఉంచి మెల్లగా వదలడమే సరస్సు పని కాబట్టి, గట్లు వేసి చేపల చెరువులు తవ్వితే ఆ పట్టే చోటు పోతుంది. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ స్థలం (అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేల), 2006లో ఆక్రమణ చెరువుల గట్ల తొలగింపు అన్న మూడు సంవత్సరాలూ ఈ ఒక్క కారణంతో ముడిపడి ఉన్నాయి. ఒక పుస్తకంలో 308 చదరపు కిలోమీటర్లు, ఇంకో పుస్తకంలో 901 అని ఉండేసరికి చాలా రోజులు తికమకపడ్డాను: మొదటిది +5 అడుగుల కాంటూరు (సముద్రమట్టం నుంచి ఐదడుగుల ఎత్తును చూపే గీత) వరకు ఉన్న అభయారణ్యం, రెండోది రామ్‌సర్ జాబితాలోని విస్తీర్ణం.

ఉప్పుటేరు పేరులోనే నదీముఖాల పాఠం ఉంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోతే పోటు వేళ సముద్రపు నీరు ఆ ఏటి గుండా పైకి వస్తుంది, కొల్లేరు మంచినీటి సరస్సన్న మాటకే ఎసరు వస్తుంది. అక్కడి నుంచి నేను కాకినాడ దగ్గరి కోరింగకు వెళ్లాను, పటం మీదే లెండి. తూర్పు నదులు డెల్టాలు కడతాయి, నర్మద, తపతి ఎస్చువరీలు కడతాయి అని బడిలో నేర్చుకున్న వాక్యం వల్ల గోదావరికి ఎస్చువరీయే లేదనుకునేదాన్ని. డెల్టా కట్టే నది పాయకు కూడా మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర మంచినీరూ ఉప్పునీరూ కలిసే ఎస్చువరీ ఉంటుంది. కోరింగ మడ అడవులు గౌతమి పాయ ఎస్చువరీలో పెరిగినవే. వానాకాలంలో ధవళేశ్వరం దాటి వచ్చే వరద ఉప్పునీటిని సముద్రంలోకి నెట్టేస్తుంది, ఆ తరువాత బ్యారేజీ నుంచి ప్రవాహం దాదాపు ఆగిపోయే నెలల్లో అదే మొగలో ఉప్పునీరే రాజ్యమేలుతుంది. తేలికైన మంచినీరు పైన జారుతూ, బరువైన ఉప్పునీరు కింద మేకులా చొచ్చుకువచ్చే రకం, ఆటుపోట్ల బలానికి రెండూ పూర్తిగా కలిసిపోయే రకం అని పుస్తకాలు విడదీసి చెబుతాయి గానీ, ఒకే ఎస్చువరీ రుతువును బట్టి స్వభావం మార్చుకోగలదని గోదావరిని చూస్తే తెలుస్తుంది. కాలుష్యం కోణంలో ఇంకో తేడా కూడా రాయాలి: సాధారణంగా మంచినీటి సరస్సుల్లో శైవలాల పెరుగుదలకు హద్దు పెట్టేది ఫాస్ఫరస్, తీరప్రాంత జలాల్లో ఎక్కువగా నైట్రోజన్.

భూగర్భజలానికి నేను ఎక్కువ సమయం ఇవ్వలేదు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేనిచోట 1.5 వరకు అన్న ప్రమాణం, నాగ్‌పుర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్గొండ పద్ధతి రాసుకుని ముందుకు వెళ్లాను.

పునరుద్ధరణకు ఉదాహరణ అడిగితే చాలామంది గంగ దగ్గరే ఆగిపోతారు. నేను ఒడిశాలోని చిలికాను ఎంచుకున్నాను. పూడికతో సముద్రపు దారి మూసుకుపోయి లవణీయత పడిపోయిన ఆ ఉప్పునీటి కయ్యను 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రో జాబితాలో చేర్చారు, 2000లో కొత్త మొగ తవ్వారు, 2002లో జాబితా నుంచి తీసేశారు. కొల్లేరుకు ఉప్పు రావడం ముప్పు, చిలికాకు ఉప్పు రాకపోవడం ముప్పు అని రెండింటినీ పక్కపక్కన పెట్టి రాసిన జవాబుకు తరువాతి మాక్‌లో ఏడు మార్కులు వచ్చాయి. దిద్దినవారు మార్జిన్‌లో "బొమ్మ ఏదీ?" అని రాశారు. అప్పటి నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు బుడమేరు నుంచి ఉప్పుటేరు మొగ దాకా ఒక గీత పటం గీసి, ఎక్కడ డీవో పడిపోతుందో, ఎక్కడిదాకా ఉప్పు ఎక్కుతుందో బాణం గుర్తులు పెట్టేదాన్ని. మొదట పన్నెండు నిమిషాలు పట్టిన ఆ బొమ్మ మెయిన్స్ నాటికి మూడు నిమిషాల్లో అయిపోయేది.