సెకన్ల ముల్లు వాచీ: నా బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు

కాలేజీ వాళ్లిచ్చిన లిస్టులో రెండు జతల యూనిఫాం, తెల్ల బూట్లు, కత్తెర, థర్మామీటరు, వాటి కింద "సెకన్ల ముల్లు ఉన్న వాచీ" అని రాసి ఉంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మా నాన్న నన్ను నాలుగు షాపులు తిప్పాడు. చూసినవన్నీ అంకెల వాచీలు, లేదంటే రెండే ముళ్లు ఉన్నవి. చివరికి 280 రూపాయలకు ఒకటి దొరికింది. షాపాయన ప్యాక్ చేస్తూ, "నర్సు చదువుకు వాచెందుకు బిడ్డా, సూది ఎయ్యొస్తె చాలదా?" అన్నాడు. ఎందుకో అప్పుడు నాకూ తెలియదు.

మాది దేవరకొండ దగ్గర ఓ పల్లె. బైపీసీ చదివిన అందరిలాగే నేనూ డాక్టర్ అవుదామనే అనుకున్నాను. నీట్‌లో వచ్చిన మార్కులు చూశాక ఆ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. మాది 2021-22 బ్యాచ్. కరోనా వల్ల అన్నీ ఆలస్యమై క్లాసులు మొదలయ్యేసరికి 2022 వచ్చేసింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్ మా బ్యాచ్‌తోనే మొదలు. సీనియర్లకు ఏడాదికోసారి పరీక్షలుంటే మాకు ఆరు నెలలకోసారి. అందుకే వాళ్ల నోట్సు మాకు సగమే పనికొచ్చింది.

మొదటి సెమిస్టర్‌లో నన్ను ముంచింది అనాటమీ, ఫిజియాలజీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మెడ పక్కన ఉండే కండరం పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అని మేడమ్ బోర్డు మీద రాస్తే, అది ఒక మాటా, మూడు మాటలా అని పక్కమ్మాయిని అడిగాను. 206 ఎముకలు, వాటి మీద గుంటలు, గట్లు, ప్రతిదానికీ ఓ పేరు. గుండెలో నాలుగు గదులని ఇంటర్‌లోనే బట్టీ పట్టాను కానీ రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో ఎన్నిసార్లు చదివినా తారుమారయ్యేది. ఓ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు, యాటలు కోసే మా మామయ్యను గొర్రె గుండె ఒకటి పక్కన పెట్టమన్నాను. పళ్లెంలో పెట్టి కోసి చూస్తే ఎడమ వైపు గోడ కుడివైపు కన్నా ఎంత మందంగా ఉందో వేలికి తెలిసింది. ఒళ్లంతా రక్తం పంపాల్సింది ఆ వైపే కదా. అప్పటి నుంచి మర్చిపోలేదు. అయినా ఆ పేపర్లో సగం మార్కులు రాక తప్పాను, తర్వాత సప్లిమెంటరీలో గట్టెక్కాను. సోషియాలజీ, ఇంగ్లిష్ గురించి చెప్పేదేం లేదు, పాసయ్యాను.

నర్సింగ్ ఫౌండేషన్స్ అనే సబ్జెక్టు చూసి మొదట్లో అవమానంగా అనిపించింది. పక్క పరవడం, చేతులు కడగడం, మంచం మీదున్న మనిషికి ఒళ్లు తుడవడం, నోరు శుభ్రం చేయడం. "దీనికి డిగ్రీ కావాలా?" అని హాస్టల్లో నవ్వుకునేవాళ్లం. దుప్పటి మూల ఎలా మడవాలో వారం రోజులు చేయించారు. ముడతలెందుకు ఉండకూడదో తర్వాత వార్డులో ఓ పక్షవాతం తాత నడుము కింద పుండు చూసినప్పుడు అర్థమైంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టకపోతే అలాంటి పుండ్లు పడతాయి. ఒకసారి పడితే మానడానికి నెలలు పడుతుంది.

వాచీ అసలు పని కూడా అక్కడే తెలిసింది. నాడి చూడటం సులువే. ఊపిరి లెక్కపెట్టడంలో మాత్రం చిన్న కిటుకుంది. "మీ శ్వాస లెక్కపెడుతున్నా" అని చెబితే ఆ మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. అందుకని నాడి చూడటం అయిపోయినా మణికట్టు వదలకుండా, కళ్లు మాత్రం ఛాతీ మీద పెట్టి లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 సార్లు.

ఇది తెలిసీ నేను చేసిన పని చెప్తాను. రెండో ఏడాది పోస్టింగ్‌లో, ఓ మెడికల్ వార్డులో, పొద్దున్నే ముప్పై మంచాలకు వైటల్స్ తీయాలి. ఒక్కొక్కరి దగ్గర నిమిషం నిలబడితే డాక్టర్ల రౌండ్స్ అందుకోలేం. అందుకని బీపీ, జ్వరం, నాడి నిజంగా చూసి, శ్వాస గడిలో మాత్రం 18, 20, 18, 20 అని వరసగా నింపేదాన్ని. నేనొక్కదాన్నే కాదు, చాలామందిమి అంతే. ఓ రోజు మా క్లినికల్ మేడమ్ చార్టులు తిరగేసి, ఏమీ అనకుండా నన్ను ఓ తాత మంచం దగ్గరికి తీసుకెళ్లి స్టూల్ వేసి కూర్చోబెట్టింది. "నిమిషం చూడు" అంది. 34 వచ్చింది. నేను రాసింది 18. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి, పావుగంట ముందు ఆయనకే బీపీ చూసి వెళ్లాను. రక్తంలో ఆక్సిజన్ 88 శాతానికి పడిపోయింది. డాక్టర్‌ను పిలిచారు, ఆక్సిజన్ పెట్టారు, ఎక్స్‌రేలో న్యుమోనియా అని తేలింది. తాత బాగయ్యే ఇంటికెళ్లాడు. మేడమ్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వారం పాటు ఆ వార్డులో అందరికీ శ్వాస మాత్రమే చూసే పని నాకిచ్చింది.

సూది సంగతికొస్తే, అందరూ అనుకునేంత పెద్ద విషయం కాదది. ముందు బొమ్మ మీద, తర్వాత మనిషి మీద. నా మొదటి సూది ఓ రిటైరైన ఆర్టీసీ కండక్టర్‌కు. నా చెయ్యి వణుకుతుంటే ఆయనే, "ఎయ్యి బిడ్డా, నేర్వాలె గద" అన్నాడు. నిజంగా టెన్షన్ పెట్టేది దాని ముందూ వెనకా ఉండే పని. మనిషి ఆయనేనా, మందు అదేనా, మోతాదు ఎంత, ఏ దారిలో, ఏ టైముకు అని చూసుకోవాలి. వేశాక సూదికి మూత మళ్లీ పెట్టకూడదు. అది తెల్ల డబ్బాలోకి, ప్లాస్టిక్ సిరంజి ఎర్ర సంచిలోకి, రక్తమంటిన దూది పసుపు సంచిలోకి. ఫార్మకాలజీలో మందుల పేర్లు అరవం అక్షరాల్లా కనిపించేవి. సెలైన్ లెక్క మాత్రం నాకు భలే నచ్చింది. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కాలి, మా సెలైన్ గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు. అంటే పదివేల చుక్కలను 240 నిమిషాలకు పంచితే నిమిషానికి దాదాపు 42. మళ్లీ వాచీ పట్టుకుని నిలబడాల్సిందే. పేషెంట్ల వాళ్లకు ఇది నచ్చదు. "జెర జల్ది ఎక్కియ్యి బిడ్డా, దేవరకొండ బస్సు పోతది" అనేవాళ్లు. చుక్కల వేగం పెంచడానికి వాళ్లు గొట్టం మీది చక్రం తిప్పేయకుండా కాపలా కాయడం కూడా సిలబస్‌లో భాగమే అనుకున్నాను.

మూడో ఏడాది కమ్యూనిటీ పోస్టింగ్. మర్రిగూడ వైపు ఊళ్లు. పుస్తకంలో ఫ్లోరోసిస్ అర పేజీ ఉంటుంది. మా జిల్లా పిల్లలకు అది పుస్తకంలో చదవాల్సింది కాదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు గట్టిపడి వంగిపోతాయని చదివి వెళ్లాం. అరుగు మీద కూర్చున్న ఓ అవ్వ మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పుతోంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు పైపుల్లో వస్తున్నాయి, చిన్నపిల్లలకు ఆ బాధ తప్పింది. వంగిన ఎముకలు మాత్రం మళ్లీ నిటారు కావు. ఇంటింటికీ వెళ్లినప్పుడు మా సంచీ కింద న్యూస్‌పేపర్ పరిచి, ముందు చేతులు కడుక్కుని, ఆ తర్వాతే లోపలి సామాను తీయాలి. సంచీకి క్రిములు అంటి ఓ ఇంటి నుంచి మరో ఇంటికి పోకుండా ఇదంతా. నేను పేపర్ పరుస్తుంటే ఆ అవ్వ, "పేపర్ పరిచి చేతులు కడుగుతున్నవ్, అన్నం పెట్టాల్నా బిడ్డా?" అంది. పెట్టింది కూడా. జొన్నరొట్టె, పచ్చిపులుసు.

తర్వాత మానసిక ఆరోగ్యం పోస్టింగ్ కోసం హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి పంపారు. ఇంట్లో చెబితే మా అమ్మ ఏడ్చినంత పని చేసింది. నాలుగేళ్లలో నాకు అన్నిటికన్నా కష్టమైన చదువు అక్కడే. ఎందుకంటే అక్కడ నేర్చుకోవాల్సింది మాట్లాడటం. పేషెంట్‌తో కాసేపు కూర్చుని, తర్వాత ఆయనన్నది ఒక గడిలో, నేనన్నది ఒక గడిలో, నా మాట వెనక ఉద్దేశమేంటో మరో గడిలో రాయాలి. నా మొదటి రికార్డు నిండా మేడమ్ ఎర్ర పెన్ను గీతలే. ఓ ఆడమనిషి, "ఇంటికి ఎప్పుడు తీస్కపోతరో, అసలు తీస్కపోరో" అంటే నేను, "ఏం కాదులే అక్కా, ధైర్యంగా ఉండండి" అన్నాను. ఆ వాక్యం కింద రెండు గీతలు. ఉత్తుత్తి భరోసా అట అది. తీసుకెళ్తారో లేదో నీకు తెలుసా? తెలియనప్పుడు ఎలా అన్నావు? ఆ మాటతో ఆమె నోరు మూయించావు కదా?

మన దగ్గర చావింటికి పోయినా, పరీక్ష తప్పినా "ఏం కాదులే" అనే అంటాం. అది అనకుండా ఎలా మాట్లాడాలో నాకు నిజంగా తెలియలేదు. రెండో వారం అదే అక్క అదే మాట అన్నప్పుడు నేను, "ఎవరూ రారేమోనని భయంగా ఉందా?" అని ఊరుకున్నాను. చాలాసేపటికి తన కొడుకు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో మాత్రం ఈ పద్ధతి నడవదు. మా అమ్మతో ఇలాగే మాట్లాడితే "డాక్టర్ లెక్క అడుగుతవేందే" అని కసిరింది.

కాన్పుల వార్డులో నా పక్కన తండా నుంచి వచ్చిన నా ఫ్రెండ్ లేకపోతే ఏమయ్యేదో. నెప్పులతో వచ్చిన లంబాడీ అమ్మాయికి మా తెలుగు ఎక్కడం లేదు. నా ఫ్రెండ్ చెవి దగ్గర లంబాడీలో రెండు మాటలు చెప్పగానే ఆమె పిడికిలి వదిలింది. బిడ్డ బయటికి రాగానే చుట్టాలు ఆడా మగా అంటారు. మేం గడియారం చూస్తాం. ఏడ్చిందా, రంగెలా ఉంది, కాళ్లూచేతులూ ఆడిస్తోందా, గుండె ఎంత కొట్టుకుంటోంది, ముట్టుకుంటే ఉలిక్కిపడుతోందా అని చూసి, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు వేయాలి. మొదటి నిమిషంలో ఒకసారి, ఐదో నిమిషంలో మరోసారి. ఆ పాపకు మొదట 7, తర్వాత 9. బయట నాయనమ్మ చక్కెర నీళ్ల గ్లాసుతో రెడీగా ఉంది. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించాలని ఆమెను ఒప్పించడానికి మాకు కాన్పు కన్నా ఎక్కువ టైం పట్టింది.

ఓ మాట కచ్చితంగా చెప్పాలి. కొన్ని పోస్టింగుల్లో మమ్మల్ని విద్యార్థులుగా కాదు, తక్కువైన స్టాఫ్ బదులుగా చూశారు. నేర్పడానికి ఎవరూ ఉండరు, శాంపిళ్లు మోయడానికి, ఫైళ్లు తేవడానికి మేమే. ఆ రోజుల లాగ్ బుక్ చూస్తే ఇప్పటికీ కోపమొస్తుంది. ఎనిమిదో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. నైట్ డ్యూటీల్లో తెల్లారుజామున మూడింటికి వచ్చే నిద్రను ఆపడం మాత్రం ఎవరూ నేర్పలేదు, ఎవరి తిప్పలు వాళ్లవి.

ఇప్పుడు ఫలితాలు వచ్చాయి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కు కాగితాలు సర్దుతున్నాను. మొన్న మా మండలం నుంచి కొత్తగా చేరిన అమ్మాయి వాళ్ల నాన్నతో ఇంటికొచ్చింది. అనాటమీ పుస్తకం, కేస్ బుక్కులు, కత్తెర ఇచ్చేశాను. బల్ల మీదున్న వాచీ తీసి చూసి, "అక్కా, ఇది కూడా?" అంది. దానికి పట్టీ రెండుసార్లు మారింది, అద్దం మీద గీతలున్నాయి. అది ఇవ్వలేదు. క్లాక్ టవర్ దగ్గర ఏ షాపులో దొరుకుతుందో చీటీ మీద రాసిచ్చాను.