మూడు చుక్కలు కనబడేదాకా

మాది నిజామాబాద్ జిల్లా, ఆర్మూర్ దగ్గర పల్లె. ఏడేళ్లుగా ఇజ్రాయెల్‌లో, టెల్ అవీవ్ పక్కనే ఉన్న రమత్ గన్‌లో ఒక పెద్దాయన దగ్గర కేర్‌గివర్‌గా చేస్తున్నాను. ఆయనకి ఎనభై తొమ్మిదేళ్లు. నేను సబా అని పిలుస్తాను, అంటే తాత. ఆయన నన్ను బ్నీ అంటాడు, అంటే కొడుకా అని. జగిత్యాల, కరీంనగర్, గోదావరి జిల్లాల నుంచి కూడా మనవాళ్లు ఈ పనికి చాలామంది వచ్చారు, కొత్తగా వచ్చిన తమ్ముళ్లు "అన్నా, ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఎట్లున్నవ్, మనసు ఎట్ల పడుతది" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

మొదటి రెండేళ్లు మనసు పట్టలేదు. ఏజెంటుకి కట్టడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, రాత్రి కళ్లు మూస్తే లెక్కలే, పొద్దున కళ్లు తెరిస్తే ముందు ఫోనే, అందులో ఏ టెన్షన్ ఉందో అని. అదే ఇంట్లో పక్క గదిలో సబా కళ్లు తెరవగానే, ఇంకా మంచం దిగకముందే, "మోదె అనీ" అనే చిన్న ప్రార్థన చెప్పుకుంటాడు. నా ప్రాణం నాకు తిరిగి ఇచ్చావు, నీకు కృతజ్ఞతలు అని దాని అర్థం. తర్వాత రెండు పిడులున్న చెంబుతో కుడి చేతి మీద, ఎడమ చేతి మీద మార్చి మార్చి మూడేసి సార్లు నీళ్లు పోసుకుంటాడు. చేతులు వణుకుతాయి కాబట్టి చెంబు అడుగున నేను పట్టుకుంటాను.

యూదులకి ఇట్లాంటి కృతజ్ఞత మాట ప్రతిదానికీ ఉంది, దాన్ని బ్రఖా అంటారు. రొట్టెకి ఒకటి, పండుకి ఒకటి, మెరుపు మెరిస్తే ఒకటి. మనిషన్నవాడు రోజుకి 100 చెప్పాలని రబ్బీ మెయీర్ అనే పాతకాలపు గురువు అన్నట్టు వాళ్ల ధర్మగ్రంథం తల్మూద్‌లో ఉంది. బాత్రూం నుంచి బయటికి వచ్చాక చెప్పేది కూడా ఉంది, అషెర్ యత్సర్. మనిషి ఒంట్లో ఎన్నో రంధ్రాలు, ఎన్నో గొట్టాలు పెట్టావు, మూసుకోవాల్సింది తెరుచుకున్నా, తెరుచుకోవాల్సింది మూసుకున్నా బతకలేం అని. మొదట్లో నాకిది వింతగా ఉండేది, దేవుణ్ణి తలుచుకునే చోటా అది అని.

మూడేళ్ల కింద సబాకి మూత్రం ఆగిపోయింది. రాత్రంతా హాస్పిటల్లో ఆయనకి పట్టిన చెమట నా చొక్కాకి అంటింది, అంతగా నన్ను పట్టుకుని మూలిగాడు. గొట్టం వేశారు. కొన్నాళ్లకి తీశాక ఇంట్లో మొదటిసారి ఆయనంతట ఆయన మూత్రం పోసి, గోడ పట్టుకుని, చేతులు కడుక్కుని, ఆ అషెర్ యత్సర్ ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. కళ్లలో నీళ్లు. నాకు మా నాయిన గుర్తొచ్చాడు. ఆయనకి షుగర్ ముదిరి కిడ్నీలు పోయాయి, వారానికి రెండుసార్లు నిజామాబాద్‌కి డయాలసిస్‌కి తిప్పాం. ఒక్క గ్లాసు నీళ్లు కడుపునిండా తాగాలని ఉందిరా అనేవాడు. నేను రోజూ అన్ని గ్లాసులు తాగుతూ, ఒక్కనాడూ దాని గురించి ఆలోచించలేదు.

అప్పటినుంచి నాకు నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. నేను యూదుణ్ణి కాలేదు, దండం మా మల్లన్నకే పెట్టుకుంటాను. కానీ పొద్దున ఆ రోజు సరిగ్గా ఉన్నదాన్ని ఒక్కటి పైకి చెప్పకుండా ఫోన్ ముట్టను. మోకాళ్లు నొప్పి లేవు, రాత్రి సబా రెండుసార్లే లేచాడు, ఇట్లా. శుక్రవారం పొద్దుగూకకముందు సబా దానం డబ్బాలో నాణెం వేస్తాడు, నేనూ ఒక రేకు డబ్బాలో ఒక షెకెల్, అంటే ఇక్కడి నాణెం, వేస్తాను. పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు ఆ డబ్బులతో మా బడి పిల్లలకి నోటుబుక్కులు కొన్నాను.

ఒక మాట మాత్రం చాలాకాలం మింగుడుపడలేదు. ధనవంతుడెవరు, తన వంతుతో సంతోషపడేవాడు అని యూదు పెద్దల సూక్తుల పుస్తకం పిర్కె అవోత్‌లో బెన్ జోమా అనే గురువు మాట. అప్పులో ఉన్నవాడికి ఇది చెబితే ఒళ్లు మండుతుంది కదా, సబాతో అనేశాను. ఆయన కోప్పడలేదు. మా తోరాలో కూలివాడి కూలి పొద్దుగూకకముందే చేతిలో పెట్టాలని ఉంది, ఆ రెండూ కలిపి చదవాలి బ్నీ అన్నాడు. తోరా అంటే బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలే, మన చర్చికి వెళ్లేవాళ్లకి తెలిసే ఉంటుంది, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం. సంతోషంగా ఉండమంటే జీతం ఆలస్యమైనా నోరు మూసుకోమని కాదన్నమాట. అందుకే తమ్ముళ్లకి చెబుతాను, రావాల్సిన సెలవు, రావాల్సిన డబ్బు గట్టిగా అడగండి.

నాకు అన్నిటికంటే మేలు చేసింది శబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి రోజు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఆ ఇంటివాళ్లకి టీవీ లేదు, ఫోన్ లేదు, డబ్బు మాట అసలే లేదు. సెలవు లేని వారాల్లో నేనూ వాళ్లతో బల్ల దగ్గర కూర్చుంటాను, గుడ్డ కప్పిన రెండు హల్లా అనే శబ్బాత్ రొట్టెలు, వేడి పళ్లెం మీద రాత్రంతా మగ్గిన హమీన్ అనే కూర. నేనూ శనివారం అప్పుల పుస్తకం తెరవను, ఇంటికి ఫోన్ చేస్తే వడ్డీ సంగతి ఎత్తను. మొదటివారం మా ఆవిడ "ఏమైంది, పాణం బాగలేదా" అని భయపడింది. ఇప్పుడు ఆమే ఆ రోజు బిడ్డ చదువు, మక్క చేను, ఇంటి ముందు వేసిన బంతి మొక్కల గురించి చెబుతుంది. అప్పు తీరడానికి ఒక్కరోజు కూడా ఎక్కువ పట్టలేదు.

ఆకాశంలో మూడు చుక్కలు కనబడితే శబ్బాత్ అయిపోయినట్టు. గోడ మీద గడియారం ఉంది, క్యాలెండర్లో టైము కూడా ఉంది, అయినా సబాకి చుక్కలే కావాలి. కళ్లు సరిగ్గా ఆనవు కాబట్టి నన్ను బాల్కనీలోకి తీసుకెళ్తాడు. తర్వాత శబ్బాత్‌ని సాగనంపే హవ్దాలా ప్రార్థనలో వాసన చూడటానికి వెండి డబ్బాలో లవంగాలు ఉంటాయి, ఈ ఏడాదివి మా అమ్మ కట్టి పంపినవి. ఒకటి, రెండు అని నేను తెలుగులో లెక్కపెడతాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని, నేర్చుకున్న ఒక్క తెలుగు మాటా అడుగుతాడు, "మూడు?" ఇంకా రాలేదు సబా, ఆగు అంటాను.