కాటా మీద కిలో నాలుగొందలు

సింహాచలం కొండ చుట్టూ రాత్రంతా నడిచే గిరిప్రదక్షిణకి బయలుదేరే రోజు నేను సంచీ సర్దేసి, దాన్ని పట్టుకుని మా వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్తాను. కొనడానికి కాదు, తూయించడానికి. 2025 జులై 9 పొద్దున్న కూడా వెళ్లాను. కొట్టతను ఉల్లిపాయలు పక్కకి జరిపి, నా సంచీని కాటా మీద కూర్చోబెట్టి, "కిలో నాలుగొందల గ్రాములమ్మా. ఈసారి బాగా తగ్గారు" అన్నాడు. తగ్గింది నేను కాదు, సంచీ. అయినా ఆ మాట వినడానికి బాగానే ఉంది.

ఈ పిచ్చి నాకు 2022లో పట్టుకుంది. నా మొదటి ప్రదక్షిణ అది. మా వదిన అప్పటికే ఆరేడుసార్లు తిరిగిన మనిషి. నాకు మాత్రం 32 కిలోమీటర్లు అనగానే గుండెల్లో రాయి పడింది. భయం వేస్తే కొందరు దణ్ణం పెట్టుకుంటారు, నేను సంచీ సర్దుతాను. మా అబ్బాయి కాలేజీ బ్యాగు ఖాళీ చేసి మొదలుపెట్టాను. లీటరు నీళ్ల సీసాలు రెండు, పులిహోర డబ్బా, జంతికలు, అరటిపళ్లు, మార్చుకోవడానికి నూలు చీర, పెద్ద టర్కీ తువ్వాలు, దుప్పటి, గొడుగు, టార్చిలైటు, పవర్ బ్యాంక్, కొబ్బరికాయలు రెండు. చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకున్నాను కదా, ఆటో దిగాక విప్పిన చెప్పులు కూడా అందులోకే. అంతా అయ్యాక మా అత్తయ్య వచ్చి, "రాత్రంతా నడక, ఫ్లాస్కులో కాఫీ ఉంచమ్మా, పనికొస్తుంది" అని అది కూడా దూర్చారు. జిప్పు పట్టడానికి మా అబ్బాయి బ్యాగు మీద మోకాలు వేయాల్సి వచ్చింది.

ఆటో దిగి, నడక మొదలయ్యే తొలి పావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గరికి వెళ్లేసరికి రోడ్డుకి రెండువైపులా కొబ్బరికాయల గుట్టలు! సింహాచలం కొండ కిందకి గాజువాక నుంచి కొబ్బరికాయలు మోసుకొచ్చిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఒకటి కొట్టాను. జనం తోపుడులో రెండోది కొట్టడం కుదరలేదు, అది నాతోనే యాత్ర చేసింది.

అడవివరం దాటేదాకా ఉత్సాహమే. ముడసర్లోవ దగ్గరికి వచ్చేసరికి బ్యాగు పట్టీలు భుజాల్లోకి దిగడం మొదలైంది. ఆరిలోవ నుంచి అడుగడుక్కీ షామియానాలు. మజ్జిగ ప్యాకెట్లు, ఉడికించిన శనగలు, అరటిపళ్లు, నీళ్లు, పులిహోర, పిలిచి మరీ చేతిలో పెడుతున్నారు. వీపు మీద పులిహోర, చేతిలో పులిహోర. పారేయడానికి మనసొప్పదు, తినడానికి ఆకలి లేదు.

హనుమంతవాకలో డివైడర్ మీద కూలబడ్డాను. వదిన నా బ్యాగు ఒంటిచేత్తో ఎత్తబోయి ఆగిపోయింది. "ఏటే పిల్లా ఇది? అయిదు కిలోల బియ్యం ఎత్తుకుని అప్పన్న చుట్టూ తిరుగుతున్నావా? మోతలన్నీ ఆయనకొదిలెయ్. ఆయనకి అలవాటే" అంది.

నిజమే, అప్పన్న, అంటే మా సింహాచలం నరసింహస్వామి, మోసేది తక్కువేం కాదు. ఏడాదంతా ఒంటినిండా చందనమే. వైశాఖ శుద్ధ తదియనాడు చందనం ఒలిచి, ఆ ఒక్కరోజూ నిజరూప దర్శనం ఇచ్చాక, విడతకి మూడు మణుగుల చొప్పున నాలుగు విడతల్లో మళ్లీ పూస్తారు. మూడు మణుగులంటే 125 కిలోల దాకా ఉంటుంది. ఆఖరి విడత ఆషాఢ పౌర్ణమికే, అంటే మనం రాత్రంతా నడిచి కొండ ఎక్కే రోజుకే.

అసలు దెబ్బ తగిలింది జోడుగుళ్లపాలెం దగ్గర. సముద్రస్నానం చెయ్యాలన్న పట్టుదలతో చీరతో సహా మునిగాను. వదిన దుప్పటి అడ్డం పట్టుకుంటే చీర మార్చుకున్నాను (పాపం దుప్పటి, దాని జన్మకి ఆ ఒక్క పనీ చేసింది). తడిచీరని ఇద్దరం చెరో కొసా పట్టి మెలిపెట్టి పిండాం. ఎంత పిండినా నూలు చీర నూలు చీరే. బ్యాగులో కుక్కితే ఉప్పునీళ్లు సన్నగా కారుతూ నడుముదాకా వచ్చాయి. పైచీర మారింది గానీ లోపలి తడిలంగా అలాగే ఉంది. ఇసుకతోట వచ్చేసరికి అది ఒరుసుకుని తొడలు మంట. కాలివేళ్ల మధ్య ఇసుక గీరి బొబ్బలు. ఈ ఒరుపు సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. మేం సిగ్గుపడి చెప్పుకోం. తడిపంచెలతో కాళ్లు ఎడంగా వేస్తూ నడిచే మగవాళ్లూ చెప్పుకోరు.

సీతమ్మధార, కైలాసపురం, మాధవధార ఎలా గడిచాయో గుర్తులేదు. మురళీనగర్‌లో మా పిన్ని కూతురు రోడ్డు మీదకొచ్చి, నా వాలకం చూసి, బ్యాగు లాక్కుని స్కూటీ మీద వేసుకుపోయింది. ఒక్కసారిగా వీపు తేలికై, ముందుకి తూలి పడబోయాను.

ఆ సాయంత్రం బ్యాగు ఇంటికి చేరింది. పులిహోర పులిసింది, కాఫీ మూత కూడా తియ్యలేదు. కోపం కొద్దీ ఆ బ్యాగుని అలాగే కిరాణా కొట్టుకి తీసుకెళ్లి తూయించాను. ఆరు కిలోల రెండొందలు. ఇంటికొచ్చి మంచం మీద బోర్లించి, వాడినవి ఒకవైపు, వాడనివి ఒకవైపు పెట్టాను. వాడిన గుట్ట నా రెండు దోసిళ్లలో పట్టేంత ఉంది.

అప్పటి నుంచి బ్యాగు లేదు. అడ్డంగా వేసుకునే గుడ్డసంచీ ఒకటే. చీర బదులు తొందరగా ఆరే పంజాబీ డ్రెస్, లోపల మోకాళ్లదాకా బిగుతు షార్ట్స్. తువ్వాలు బదులు పల్చటి తుండుగుడ్డ. అది పిండి భుజాన వేసుకుంటే వెంకోజీపాలెం వచ్చేలోపు ఆరిపోతుంది. అరలీటరు సీసా చాలు, ఎక్కడపడితే అక్కడ నింపుకోవచ్చు. బాత్రూమ్ భయంతో నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లని చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. కళ్లు తిరిగి పడిపోయేది వాళ్లే. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, వదిన బీపీ బిళ్లలు, చిల్లర, ఫోన్‌కి ఒక పాలిథీన్ కవరు, తడిగుడ్డలకి ఇంకోటి. ఆ రద్దీలో, సముద్రం ఒడ్డున అప్పుఘర్ దగ్గర మా ఫోన్లు ఎప్పుడూ కలవవు. అందుకని ఒకరి నంబరు ఒకరం కాగితం మీద రాసుకుని, తప్పిపోతే ఏ జంక్షన్‌లో ఆగాలో ముందే అనుకుంటాం. చెప్పులు ఇంట్లోనే వదిలి ఆటో ఎక్కుతాం. కొబ్బరికాయ కొండ కిందే కొంటాం.

వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది చిన్న వాజిలిన్ డబ్బా. బయలుదేరేముందు తొడలకి, వేళ్ల సందుల్లో రాసుకుంటాను. సముద్రం దగ్గర ఇప్పుడు మునగను. మోకాళ్లలోతుకి దిగి మూడుసార్లు నెత్తిన చల్లుకుంటాను. పుణ్యం ఎంత తగ్గిందో గానీ, బరువు మాత్రం తగ్గింది. గట్టుమీద కూర్చుని, సీసాలో నీళ్లు సన్నటి ధారగా పోసుకుంటూ, ఒక్కో వేలూ విడదీసి ఇసుక కడిగి, తుండుగుడ్డ కొసతో తుడిచి, మళ్లీ వాజిలిన్. పది వేళ్లకీ పది నిమిషాలు పడుతుంది. వెనకాల వదిన "అయ్యిందా పెళ్లికూతురి అలంకారం?" అంటూనే ఉంటుంది. అననివ్వండి. అక్కడి నుంచి ఇంకా సగం పైనే నడవాలి.

ఈసారి కాటా మోజులో పడి పిన్నీసులు కూడా తీసేశాను. పిన్నీసు బరువెంత? గ్రాము ఉంటుందా? సరిగ్గా కైలాసపురంలో సంచీ పట్టీ కుట్టు ఊడింది. ముడి వేద్దామంటే అందదు. పక్కన నడుస్తున్న ఒకావిడ, ముక్కూమొహం తెలియదు, నడక ఆపకుండానే తన పుస్తెలతాడుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. తిరిగి ఇద్దామని తలెత్తేసరికి జనంలో కలిసిపోయింది.

తెల్లారి మెట్లెక్కి, క్యూలో నిలబడి, స్వామిని చూసి, గుడిలో మొక్కుకుంటూ అందరూ కౌగిలించుకునే కప్పస్తంభాన్ని నేనూ కౌగిలించుకుని దిగాం. కొండ కింద అనాసపళ్లు గుట్టలు పోసి ఉన్నాయి. వానాకాలం సింహాచలం అనాస వాసన తగిలాక ఊరికే వచ్చేయడం నా వల్ల కాదు. మా అత్తయ్యకొకటి, పిన్ని కూతురికొకటి, మాకు రెండు. పిన్నీసు పెట్టిన పట్టీ ఆగదని సంచీని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను.

వీధి మలుపులో దిగుతుంటే కొట్టతను చూశాడు. ఏమీ అనకుండా వచ్చి సంచీ అందుకుని, తీసుకెళ్లి కాటా మీద పెట్టాడు.

ఆరు కిలోల మూడొందలు.