పిన్ని ఉంగరం, మినమాటా, నా పేపర్-5

టాపర్ చెప్పే మాటలనుకుని చదవకండి. గ్రూప్-1 మెయిన్స్ రెండుసార్లు రాశాను, రెండోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. అయితే పేపర్-5లో, అదే సైన్స్, పర్యావరణం పేపర్లో, మొదటిసారికీ రెండోసారికీ చాలా తేడా వచ్చింది. తెలుగు మీడియంలో రాసేవాళ్ళకి పనికొస్తుందని ఆ ఒక్క సంగతే చెప్తున్నాను.

మొదటిసారి తిరుపతిలో బైరాగిపట్టెడ దగ్గర హాస్టల్లో ఉండేదాన్ని. మంచం పక్క గోడకి విష రసాయనాలు, వ్యర్థాల మీది అంతర్జాతీయ ఒప్పందాల చార్టు అంటించుకున్నా: బాసెల్ 1989, రాటర్‌డామ్ 1998, స్టాక్‌హోమ్ 2001, మినమాటా 2013. పళ్ళు తోముకుంటూ అదే, పడుకునే ముందు అదే. టెస్ట్ సిరీస్‌లో మినమాటా ఒప్పందం గురించి అడిగితే, ప్రమాదకర వ్యర్థాలని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తరలించడం మీద పేజీన్నర నింపేశాను. అది బాసెల్. దిద్దిన సారు పక్కన ఎర్రపెన్నుతో ఒకటే రాశారు: "పాదరసం ఎక్కడమ్మా?" మినమాటా ఒప్పందమే పాదరసం మీద. వెతికి చూసుకున్నా. పేజీన్నరలో ఆ మాటే లేదు.

సంక్రాంతికి పుత్తూరు పోయినప్పుడు ఆ పేపరు పిన్నికి చూపించాను. పిన్ని ఒక చిన్న ఆస్పత్రిలో నర్సు. "పాదరసం మీద నీకు సున్నానా? నా ఉంగరం కథ మర్చిపోయినావా?" అంది.

మర్చిపోయాను. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆస్పత్రిలో బీపీ మిషన్ బల్ల మీంచి పడి గాజు గొట్టం పగిలింది. పాదరసం గచ్చు మీద ఆవగింజలంత, శనగగింజలంత ఉండలై దొర్లింది. ఆయమ్మ చీపురు వేసేసరికి ఒక్కో ఉండ పదయింది, కొన్ని బండల సందుల్లోకి జారిపోయాయి. దొరికినవాటిని పిన్ని చేత్తోనే ఎత్తి ఖాళీ సీసాలో పోసింది. ఇంటికొచ్చి చూస్తే వేలికున్న బంగారు ఉంగరం ఒకపక్క వెండిలా తెల్లబడి ఉంది. ఏడుపు మొహంతో కంసాలి దగ్గరికి పోయాం. "ఏం కాలేదులేమ్మా, రసం పట్టింది, అంతే" అని ఆయన దాన్ని పట్టకారుతో మంటలో పెట్టాడు. చూస్తుండగానే తెలుపు పోయి పసుపు తిరిగొచ్చింది. మేం సంతోషంగా వచ్చేశాం.

"మరి ఆ రసం యాడికి పోయింది పిన్నీ?" అని అడిగా, ఇన్నేళ్ళకి.

"గాల్లోకి. ఆయన ముక్కులోకి, నా ముక్కులోకి. నువ్వూ ఆడనే కదా కూర్చోనుంటివి."

నాకు సబ్జెక్టు అక్కడ తెరుచుకుంది. మనుషుల పనుల వల్ల గాల్లో కలిసే పాదరసంలో అన్నిటికన్నా పెద్ద వాటా చిన్నతరహా బంగారు తవ్వకాలది. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆసియాలో కోటిమందికి పైగా చేసే పని ఇదే: ఖనిజపు పొడిలో పాదరసం కలిపితే బంగారాన్ని పట్టుకుంటుంది, ఆ ముద్దని కాలిస్తే రసం ఆవిరై బంగారం మిగులుతుంది. మా కంసాలి చేసింది గని పని కాదు కానీ, ఆవిరి ఆవిరే. ఒప్పందంలో 7వ అధికరణం దీని గురించే. అందులో పూర్తి నిషేధం లేదు, ఇక్కడే చాలామంది తప్పు రాస్తారు. తగ్గించాలి, వీలైనచోట మానిపించాలి, సమస్య పెద్దగా ఉన్న దేశాలు జాతీయ కార్యాచరణ ప్రణాళిక వేసుకోవాలి అంటుంది. ముద్దని మూత లేకుండా కాల్చడం, ఇళ్ళ మధ్య కాల్చడం లాంటివాటిని ఆ ప్రణాళికలో ముందుగా ఆపాలి. పొట్టకూటి పనిని ఒక్క సంతకంతో ఆపలేరని వాళ్ళకీ తెలుసు. విశ్లేషణ రాయమంటే ఈ మాట రాయండి.

పగిలిన బీపీ మిషన్‌ది 4వ అధికరణం. పాదరసం థర్మామీటర్లు, బీపీ మిషన్లు తయారుచేయడానికి, ఎగుమతి దిగుమతులకి 2020 గడువు. కావాలంటే మినహాయింపు కోరే వీలు పెట్టారు. మన కేంద్ర క్యాబినెట్ 2018 ఫిబ్రవరిలో ఒప్పందానికి ఒప్పుకున్నప్పుడే 2025 దాకా వెసులుబాటు పెట్టుకుంది. 2014లో సంతకం, 2018 జూన్‌లో ధ్రువీకరణ. ఒప్పందం అమల్లోకి వచ్చింది 2017 ఆగస్టు 16న. ఉంగరం గుర్తొచ్చాక ఈ తేదీలు నాకు చార్టు లేకుండానే నిలిచాయి.

ఇంకో తికమక. ఆస్పత్రి గచ్చు మీది పాదరసం వేరు, ఒప్పందానికి పేరిచ్చిన జపాన్ ఊరు మినమాటా చేపల్లోది వేరు. లోహం ఆవిరై ఊపిరితిత్తుల్లోంచి ఎక్కుతుంది. నీళ్ళలో దిగిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నాచు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి పోయేకొద్దీ చిక్కబడుతుంది. తిన్న తల్లి మెదడుకే కాదు, కడుపులో బిడ్డకీ చేరుతుంది. ఇలా మెట్టుమెట్టుకీ చిక్కబడడాన్ని మన పదో తరగతి పుస్తకం జైవిక వృద్ధీకరణం అంటుంది, ఆ మాటే వాడండి. మినమాటాలో మాత్రం ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీలో పుట్టిన మిథైల్ పాదరసాన్నే చిస్సో ఫ్యాక్టరీ నేరుగా సముద్రంలోకి వదిలింది.

ఆ ఊరి కథలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఒక పిల్లి దగ్గర. 1956లో ఆ చేపలు తిన్నవాళ్ళలో నరాల జబ్బు బయటపడ్డాక, ఆ ఫ్యాక్టరీ ఆస్పత్రి డాక్టరే, హోసొకవా, ఫ్యాక్టరీ వ్యర్థజలం కలిపిన తిండి పిల్లులకి పెట్టి చూశారు. 1959 అక్టోబరులో 400వ నంబరు పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. జపాన్ ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1968లో. మధ్య తొమ్మిదేళ్ళు ఆ చేపలు తింటూనే ఉన్నారు. ఎథిక్స్ ప్రశ్నకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2013లో ఒప్పందానికి ఆ ఊరి పేరు పెడుతుంటే బాధితుల్లోనే కొందరు వద్దన్నారు, మా గొడవ ఇంకా తీరనే లేదు కదా అని. దీన్ని ఒక వాక్యంగా రాశాను. దిద్దినవాళ్ళు దానికింద గీత గీశారు.

గాల్లో కలిసే పాదరసంలో రెండో పెద్ద వాటా బొగ్గు మంటలది. మన థర్మల్ కేంద్రాలకి 2015 డిసెంబరులో పాదరసం పరిమితి పెట్టారు, ఘనపు మీటరుకి 0.03 మిల్లీగ్రాములు. అంతవరకు తెలిస్తే చాలు.

రెండో ఏడాది టెస్ట్ సిరీస్‌లో ఇదే ప్రశ్న మళ్ళీ వస్తే 10కి 6 వచ్చాయి. ఏళ్ళతరబడి విరగని విష రసాయనాల మీది స్టాక్‌హోమ్‌ని ఎండోసల్ఫాన్ పురుగుమందుతో, దాని దెబ్బ తిన్న కేరళ కాసరగోడుతో పట్టుకున్నాను. ప్రమాదకర రసాయనాలు పంపేముందు కొనే దేశం ఒప్పుకోలు అడగాలనే రాటర్‌డామ్ మాత్రం నాకు ఇప్పటికీ గోడ మీది చార్టే. దానికి ఎవరి ఇంట్లోనైనా ఉంగరం లాంటి కథ ఉంటే చెప్పండి.