గినీ పందులకు ఇల్లు కట్టాను, షీటు దగ్గరే సగం ప్రాణం పోయింది

గినీ పందుల బోను నిన్న రాత్రి పూర్తయింది. ఇవి పేరుకే పందులు, నిజానికి ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులు. కట్టర్ గీరుకున్న వేలు ఇంకా మండుతూనే ఉంది, కోపమూ చల్లారలేదు. రెండూ తగ్గకముందే రాసేస్తున్నాను.

జంతువులతో పాటు దుకాణంవాళ్ళు మాకు అంటగట్టిన బోను పొడవు 30 అంగుళాలు, వెడల్పు 18. లెక్కేస్తే నాలుగు చదరపు అడుగులైనా రాదు. పెట్టె మీద మాత్రం రెండు గినీ పందులు హాయిగా పడుకున్న బొమ్మ. రెండింటికి కనీసం ఏడున్నర చదరపు అడుగుల నేల కావాలి, పదిన్నర ఉంటే మేలు అని వీటిని పెంచి చేయి తిరిగినవారు చెబుతారు. రెండూ మగవైతే ఇంకాస్త ఎక్కువే ఇవ్వాలి, లేదంటే చోటు కోసం కీచులాడుకుంటాయి. అమ్మేవాడిని నిలదీస్తే "ఇంత చిన్న ప్రాణికి ఎంత చోటు కావాలమ్మా?" అన్నాడు. ఆ చిన్న ప్రాణి పెరిగితే కిలో దాకా తూగుతుంది, ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. అన్నేళ్ళూ ఆ పెట్టెలో వెనక్కి తిరగడమే తప్ప పరుగెత్తడం ఉండదు. ఆ సంగతి అమ్మేటప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు.

చోటు మాకూ కరువే. పడకగదిలో గోడకూ బీరువాకూ మధ్య 60 అంగుళాల ఖాళీ ఉంది. ముందుకు 30 అంగుళాలు దాటితే తలుపు తెరుచుకోదు. కిటికీ పక్కన ఇంకాస్త చోటున్నా అక్కడ మధ్యాహ్నం ఎండ పడుతుంది. ఇవి 18 నుంచి 24 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటాయి, వేడికి మనకన్నా ముందే సొమ్మసిల్లుతాయి. కాబట్టి ఆ మూలే గతి.

చోటు తక్కువ అనగానే మావారు అంతస్తుల ఆలోచన తెచ్చారు. "మనుషులే మేడల్లో ఉంటున్నారు, వీటికేం?" అని. ఎవరి ఇంట్లోనైనా మొదట వచ్చే ఆలోచన ఇదే, నా దృష్టిలో మొదట వదులుకోవలసిందీ ఇదే. గినీ పంది ఉడుత కాదు. అది నేల మీద తిన్నగా పరుగెత్తి, మలుపు తిరిగి, మళ్ళీ పరుగెత్తే జంతువు. సంతోషం ఎక్కువైతే ఉన్నచోటే గాల్లోకి ఎగిరి పడుతుంది. పై అంతస్తు నుంచి జారిపడితే కాళ్ళు విరుగుతాయి. ఏటవాలు బల్ల నిటారుగా ఉంటే అసలు ఎక్కనే ఎక్కదు. సరదాకి పైన ఒక అర పెట్టుకుంటే పెట్టుకోండి గాని, దాని కొలతను నేల లెక్కలో కలపకండి. అంతస్తు కావలసింది మనకు. బోనును ఎత్తులో పెట్టి కింద చోటును మన సామానుకు వాడుకోవాలి. ఈ ఒక్క మాట బుర్రకెక్కిన తరువాత మిగతాదంతా కొలతల పని.

గోడలకు 14 అంగుళాల చదరపు ఇనుప జాలీలు తెచ్చాను, అరలు కట్టుకోవడానికి వాడేవే. వెడల్పుకు రెండు, పొడవుకు నాలుగు, చుట్టూ మొత్తం పన్నెండు. జాలీ గడి ఒకటిన్నర అంగుళం దాటకుండా చూసుకోండి, పెద్ద గడుల్లో గినీ పంది కూనల తల ఇరుక్కుంటుంది. జాలీలను కలపడానికి వాటితో వచ్చే గుండ్రటి బిళ్ళలను నమ్మక ప్రతి కీలు దగ్గరా ప్లాస్టిక్ టై బిగించాను. గంట పని. లోపలి కొలత 28 × 56 అంగుళాలు వచ్చింది, అంటే పది చదరపు అడుగులు దాటింది.

ఇక షీటు. అడుగున జాలీ ఉండకూడదు. తీగల మీద నడిస్తే వాటి పాదాలు పుండ్లు పడి వాస్తాయి, ఆ పుండు మానడం మహా కష్టం. అందుకని ప్రచార బోర్డులకు వాడే ప్లాస్టిక్ షీటు, అంటే రెండు పొరల మధ్య సన్నటి గొట్టాల వరుస ఉండేది, తెచ్చి ట్రేలా మడిచి లోపల కూర్చోబెట్టాలి. ట్రే గోడలు ఆరంగుళాలు లేవాలి కనుక నాలుగు వైపులా ఆరేసి అంగుళాలు కలిపితే షీటు 40 × 68 కావాలి. అమ్మేది నాలుగు అడుగులు, ఎనిమిది అడుగుల షీటు. అందులో ఇది సులువుగా వస్తుంది, ముక్క కూడా మిగులుతుంది.

బోర్డులు చేసే దుకాణానికి వెళ్ళాను. యజమాని మొదటి ప్రశ్న: "ఏమి రాయించాలమ్మా?" ఏమీ వద్దు, తెల్ల షీటు చాలన్నాను. "ఖాళీ బోర్డు ఎవరికి కావాలి?" అని పనివాళ్ళ వైపు చూశాడు. దేనికో చెప్పక తప్పలేదు. చెప్పడమే ఆలస్యం, "ఒరే, ఈవిడ ఎలుకలకు మేడ కడుతున్నారట!" అని లోపలికి కేకేశాడు. పెళ్ళి బ్యానర్ కోసం నిలబడ్డ ఇద్దరు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. కాగితం బల్ల మీద పెట్టాను. నేల 28 × 56 అని ఒక గీత, కోయవలసింది 40 × 68 అని ఇంకో గీత, రెండో దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. ఇంతకంటే విడమరచి ఎవరు రాస్తారు?

పదినిమిషాలు కూర్చోమన్నాడు. గంట కూర్చున్నాను. తెచ్చి నా ముందు నిలబెట్టింది 28 × 56 ముక్క. "ఇదేమిటి?" అంటే, "మీరు ఎక్కువ రాశారమ్మా, నేల ఇంతే కదా, వృథా ఎందుకని మేమే సరిచేశాం" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు. గోడల సంగతి చెప్పాను. "గోడలకు జాలీ ఉందని మీరే అన్నారుగా?" అన్నాడు. జాలీ ఉంటే గడ్డీ రెట్టా బయటికి రాలవా, మూత్రం నేల మీదికి కారదా అని అడిగితే, "లెక్క తెలియనివాళ్ళు పని ఇంటి దగ్గరే ఆలోచించుకుని రావాలి" అని అందరికీ వినపడేలా అన్నాడు. ఇంట్లో ఖర్చుల పద్దు రాసేది నేను, కొలతలు తీసి పిల్లల బల్ల గీయించింది నేను. నాకు లెక్క తెలియదట!

అరవలేదు. బల్ల మీద ఉన్న వాళ్ళ ప్రచార కాగితం ఒకటి తీసుకుని, నాలుగు అంచులూ వేలెడు మేర మడిచి, మూలలు లోపలికి నొక్కి, చిన్న ట్రే చేసి ఆయన ముందు పెట్టాను. మళ్ళీ విప్పి పరిచాను. అడుగు ఎంత, కాగితం ఎంత అని గోటితో గీసి చూపించాను. బ్యానర్ కోసం వచ్చినాయన "అవును, ఆవిడ చెప్పిందే కరెక్టు" అన్నాడు. అప్పుడు యజమాని అన్న మాట: "అది ముందే చెప్పాలి కదమ్మా." రెండో షీటు కోయించాడు, రెండింటికీ డబ్బు తీసుకున్నాడు. మిగిలిన ముక్కలు అక్కడే వదిలేయమన్నాడు కూడా. వదిలేస్తానా? డబ్బిచ్చిన ప్రతి ముక్కా ఇంటికి తెచ్చాను. మడిచి తాడు కట్టి ఇస్తానంటే ఒప్పుకోలేదు, నేల మధ్యలో మడత పడితే అక్కడే చిట్లుతుంది. నిలువుగా పట్టుకుని నడిచాను. గాలికి తెరచాపలా లాగింది, అయినా సరే.

మీరు వెళ్తే ఒక్కటే చెప్పండి: కొలత, అంతే. దేనికి అని అడిగితే బోర్డుకే అనండి. అబద్ధం ఆడమంటున్నానని అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మడవడంలో ఒక కిటుకు ఉంది. గాటు బయటికి ఉండబోయే వైపు పెట్టాలి, పై పొర మాత్రమే తెగాలి, లోపలి పొర చెక్కుచెదరకూడదు. ఇనుప స్కేలు ఆనించి కట్టరును రెండుసార్లు తేలిగ్గా లాగితే చాలు. తరువాత గాటుకు ఎదురువైపుకు మడిస్తే గీత నోరు తెరుచుకుని గోడ నిటారుగా లేస్తుంది, లోపలి వైపు అతుకు లేకుండా నునుపుగా ఉంటుంది, తడి ఇంకదు. గొట్టాల వెంబడి పెట్టే గాటు సులువు. అడ్డంగా పెట్టేటప్పుడు కట్టర్ గొట్టం గొట్టానికీ తడబడుతుంది, నా వేలు తెగింది అక్కడే. ప్రతి మూలలోనూ ఆరంగుళాల గీతను ఒకవైపు మాత్రం పూర్తిగా కోసి, ఆ రెక్కను పక్క గోడకు బయటి నుంచి ఆనించి వెడల్పు టేపు వేయాలి. టేపు లోపల వేస్తే కొరికి తింటాయి.

ఒకే ఎత్తున్న రెండు పాత పుస్తకాల అరలను పడుకోబెట్టి, వాటి మీద ప్లైవుడ్ పలక పరిచి, దాని మీద బోను పెట్టాం. కింద ఎండుగడ్డి సంచి, చీపురు, దుప్పట్లు. వెడల్పు 28 అంగుళాలే కనుక ముందు నిలబడితే అవతలి మూలకు చేయి అందుతుంది. వెడల్పు పెంచాలని ఉబలాటపడేవారు ఆ మూల రోజూ ఎవరు శుభ్రం చేస్తారో ముందు తేల్చుకోండి. పైన మూత వేయలేదు, 14 అంగుళాల గోడను ఇవి దూకవు. ఇంట్లో పిల్లో కుక్కో ఉంటే మూత తప్పనిసరి. తప్పుడు కొలత షీటును అడుగున రెండో పొరగా వేశాను. మిగిలిన ముక్కలతో గడ్డి తొట్టి, రెండు దాగుడు ఇళ్ళు చేశాను, ఒక్కోదానికి రెండేసి వాకిళ్ళు. వాకిలి ఒక్కటే ఉంటే పెత్తనం చేసేది అక్కడ కూర్చుని రెండోదాన్ని బయటికి రానివ్వదు.

రెండోది ఎందుకు, ఒకటి చాలదా అని అడిగినవాళ్ళకు నా జవాబు ఒక్కటే. ఇవి గుంపు జంతువులు, ఒంటరిగా ఉంచితే దిగులు పడతాయి. స్విట్జర్లాండ్‌లో 2008 నాటి నిబంధనల ప్రకారం ఒక్కదాన్నే పెంచడం చట్టవిరుద్ధం. పిల్లల పుట్టినరోజుకు ఒక్కటి కొనిచ్చి, పది రోజులకు మరిచిపోయేవాళ్ళకు అలాంటి చట్టం అన్ని చోట్లా ఉండాలి.

పరుపుకు దేవదారు పొట్టు వాడకండి, ఆ ఘాటు వాటి ఊపిరితిత్తులకు చేటు. మేము తువ్వాళ్ళు పరిచి పైన ఫ్లీస్ బట్ట, అంటే దుప్పట్లకు వాడే నూగు ఉన్న మెత్తటి సింథటిక్ బట్ట, వేశాం. కొత్త ఫ్లీస్ మీద నీళ్ళు ముత్యాల్లా నిలుస్తాయి. సాఫ్ట్‌నర్ లేకుండా నాలుగైదు ఉతుకులు పడ్డాక చెంచాడు నీళ్ళు పోసి చూడండి. అవి కిందికి దిగి, పై బట్ట పొడిగా తోస్తేనే పరచండి. మా వాషింగ్ మెషీన్‌లో గడ్డిపోచలు తేలాయని మావారు గొడవ పెట్టారు. ఇప్పుడు బట్టను బాల్కనీలో బ్రష్‌తో దులిపి మెషీన్‌లో వేసే బాధ్యత ఆయనదే, మేడలు కట్టమన్నందుకు.